పాల మరక కింది అంకె

మరక ఎంత మొండిదైతే నాకు అంత పంతం. గొప్పకు చెప్పడం లేదు, నా గుణమే అది. ఖతర్‌లో, అల్ వుకైర్ అనే ఊళ్ళో నేనిప్పుడు పనిచేసే లాండ్రీకి చుట్టుపక్కల విల్లాల నుంచి బట్టలు వస్తాయి. పసుపు, ఖర్జూరపు పాకం, పిల్లల రంగులు, అత్తరు, ఏదైనా సరే నా చేతికి వచ్చాక ఉండకూడదు. ఒక్క సిరా మాత్రం ముట్టను. బట్ట మీద పెన్ను గీత కనబడితే పక్కన పెట్టి, ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేయించి, తీసేయమన్నారా అని అడిగించి, అవునంటేనే తీస్తాను. మా కౌంటర్‌లో కూర్చునే ఫిలిప్పీన్స్ అమ్మాయికి ఇదొక వేళాకోళం. జేబులో పెన్ను కక్కిన మరకకు కూడా ఫోన్ చేయాలా అని నవ్వుతుంది. చేయాలి అంటాను. ఎందుకో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

కారణం ఒక ఆస్ట్రేలియా సైనికుడు. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో. యుద్ధంలో అతను ఏం చేశాడో పతకాల లెక్కన నాకు తెలియదు. అతని బట్టలు ఉతికాను కాబట్టి బట్టల లెక్కన తెలుసు.

అప్పుడు నేను దోహాకు దూరంగా, ఎడారిలో అమెరికా, ఆస్ట్రేలియా వాళ్ళుండే సైనిక స్థావరంలోని లాండ్రీలో ఉండేవాణ్ణి. మా మకాం బర్వా అల్ బరాహా అనే కార్మికుల కాలనీలో. తెల్లారగానే కంపెనీ బస్సెక్కి, రెండు చోట్ల తనిఖీకి ఒళ్ళు తడిమించుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. లాండ్రీలో పది మందిమి. ఉతికే ముందు బట్టలు వేరు చేయడం, మరకలు తీయడం నా పని. నాకు ఐదడుగుల దూరంలో ఇస్త్రీ బల్ల దగ్గర బోధన్ నుంచి వచ్చిన భాయ్ నిలబడేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఉర్దూ, తెలుగు రెండూ ఆయనకు ఇంటి భాషలే. నా మంచం పక్క మంచం కూడా ఆయనదే, కాబట్టి నా గురకతో సహా నా బతుకంతా ఆయనకు తెలుసు.

మాది చాకలి కులం. ఇది మా నాయనమ్మ నుంచి వచ్చిన పని. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఊరందరి బట్టలు ఒకే బానలో ఉడకబెట్టి, ఒకే దండెం మీద ఆరేసి, సాయంత్రానికి ఎవరి మూట వాళ్ళ గడపలో పెట్టేది. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట అంచున గుర్తు పెట్టేది. ఒకరికి రెండు గీతలు, ఒకరికి మూడు చుక్కలు. పటేలింటి గుర్తు చుక్క, పక్కన పిట్టకాలు. ఆ గుర్తు బట్ట చిరిగినా పోదు. వేరే ఊరి చాకలి పెట్టిన గుర్తున్న బట్ట వస్తే ఆమెకు చిరాకు. ఒక బట్ట మీద ఇద్దరి గుర్తులుంటే ఏదో ఒక ఇంట్లో తగువు తప్పదనేది.

స్థావరంలోనూ అదే జరిగింది. సైనికులు పది దేశాలు తిరిగి వస్తారు, వాళ్ళ బట్టల మీద పది లాండ్రీల గుర్తులుంటాయి. ఆ వేసవిలో పాత గుర్తు చూసి ఒకరి సంచిలోవి ఇంకొకరి సంచిలో వేశాను. సూపర్‌వైజర్ అందరి ముందు నన్ను ఉతికి ఆరేశాడు. ఆ రోజు నుంచి, బట్ట మీద ఏ పాత గుర్తు ఉన్నా ముందు దాన్ని తీసి, ఆ తర్వాతే మా నంబర్ వేయాలని నియమం పెట్టాడు. అది నాకు నచ్చిన నియమమే. మా నాయనమ్మ మాటే కదా.

ఆ ఆస్ట్రేలియా కుర్రాడు మొదటిసారి వచ్చినప్పుడు చొక్కాలన్నీ తిరగేసి, గుండీలు పెట్టి తెచ్చాడు. సైనికుల సంచులంటే పందులు దొర్లినట్టుంటాయి. వీణ్ణి తల్లి బాగా పెంచిందిరా అనుకున్నాను. ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోయి ఉండేది. "ఎట్లా ఉన్నావు మేట్" అని అడిగేవాడు, మేట్ అంటే వాళ్ళ భాషలో దోస్తు. అది వాళ్ళకు పలకరింపు మాత్రమేనని నాకు తెలియక, నేను నిజంగానే నా మోకాలి నొప్పి గురించి చెప్పేవాణ్ణి. పాపం, నిలబడి వినేవాడు. రెండోసారి వచ్చినప్పుడు మోకాలి గురించి తనే అడిగాడు.

అతని పని సరుకు విమానాల్లో సామాను కదలకుండా పట్టీలతో బిగించడం. మోకాళ్ళ దగ్గర విమానం నేల నుంచి అంటిన నల్లటి పొడి, భుజాల మీద గ్రీజు, నడుం చుట్టూ చెమట ఎండిన ఉప్పు చారలు. నెత్తురు, తుపాకి వాసన ఏమీ ఉండేవి కావు. యుద్ధమంటే ఇంతేనేమో, మా ఊరి హమాలీ పనిలాంటిదే అనుకునేవాణ్ణి.

వాళ్ళది గొర్రెలు మేపే ఇల్లు. ఏసీ చలికి ఊరి నుంచి తెచ్చుకున్న నా గొంగడి ఒకసారి లాండ్రీలో ఆరేసి ఉంటే, కౌంటర్ మీదుగా చెయ్యి చాపి రెండు వేళ్ళతో నలిపి, ఇది పొట్ట కింది ఉన్ని అన్నాడు. మా ఊరి కురుమాయన కూడా అట్లాగే నలిపి చెప్పేవాడు. అప్పటి నుంచి అతను నాకు పరాయివాడిలా అనిపించలేదు.

ఆ ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతిలోకి పోయింది. అక్కడి నుంచి పారిపోయే జనంతో విమానాలు రావడం మొదలైంది, ఒకటి దిగేలోపు ఇంకొకటి. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి, "దుబాయ్‌ల లడాయి అయితుందట గద బిడ్డా, ఇంటికొచ్చెయ్" అంది. ఇది దుబాయ్ కాదనీ, లడాయి ఇక్కడ కాదనీ చెప్పాను. మొదటిది ఆమె ఎప్పుడూ నమ్మలేదు, రెండోది చెప్పేటప్పుడు నాకే నమ్మకం లేదు. బస్సు కిటికీలోంచి విమానాల షెడ్లు కనబడేవి. ఆ ఉక్కలో, ఆ రేకుల కింద, వేల మంది. ఆడవాళ్ళు చున్నీలు రెండు చేతుల్తో ఎత్తి పిల్లల మీద నీడ పట్టేవాళ్ళు. వాళ్ళు కప్పుకున్న దుప్పట్లు మా దగ్గరికి వచ్చేవి. ఒక్కొక్కటి విప్పుతుంటే ఏడుపొచ్చేది. భాయ్ ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేసేవాడు.

కుర్రాడి సంచి ఎనిమిది రోజులు రాలేదు. కాబూల్ విమానాశ్రయానికి పంపారని అతని తోటివాడు చెప్పాడు. తొమ్మిదో రోజు పొద్దున అతనే వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. ముఖం అంతా దుమ్ము, కళ్ళ కింద రెండు చారలు మాత్రం తెల్లగా. సంచి కౌంటర్ మీద పెట్టి, అన్నీ ఉతికెయ్ మేట్, అన్నీ, అన్నాడు. మోకాలి గురించి అడగలేదు. వెళ్ళిపోయాడు.

సంచి విప్పాను. ఏదీ తిరగేసి లేదు, ఒక్క గుండీ పెట్టి లేదు. ప్యాంట్లు తొడల దాకా మురుగులో నానిపోయి, ఎండి రేకుల్లా ఉన్నాయి. చొక్కాల చేతులు భుజం దగ్గర పిగిలిపోయాయి. మనుషులు పట్టుకుని లాగితేనే అట్లా పిగులుతాయి, పని చేస్తే కాదు. ఒక చొక్కా ఎడమ భుజం మీద విరిగిన పాలు. పసిపిల్ల కక్కిన పాలు. 

జేబులు వెతకడం మా నియమం. కాగితం, కార్డు, ఫోటో, ఏది దొరికినా చిన్న సంచిలో వేసి నంబర్ రాసి పెట్టాలి. ఆ చొక్కాతో ఉన్న ప్యాంటు పక్కజేబులో జానెడు తెల్ల గుడ్డపేలిక దొరికింది. కాగితమైతే పక్కన పెట్టేవాణ్ణి. గుడ్డ కాబట్టి ఉతికేదే అనుకున్నాను. దాని మీద బాల్‌పెన్ను సిరా ఉంది. పైన ఏదో అరబ్బీ లిపిలో రెండు మాటలు, కింద అంకెలు. అరబ్బీలో సున్నాను చుక్కలా పెడతారనీ, ఏడును పిట్టకాలులా రాస్తారనీ నాకు తర్వాతే తెలిసింది. ఆ అంకెల మొదట్లో చుక్క, పక్కన పిట్టకాలు. అచ్చం పటేలింటి గుర్తు. కాబూల్‌లో ఏదో లాండ్రీవాడు పెట్టిన పాత గుర్తనుకున్నాను. ఇంతమంది చస్తుంటే అక్కడ లాండ్రీ ఎవడు నడుపుతాడన్న ఆలోచనే నాకు రాలేదు.

కింద తువ్వాలు మడిచి పెట్టి, స్పిరిట్‌లో దూది ముంచి, ఒక్కొక్క గీతా అద్ది అద్ది తీశాను. మధ్యలో ఒక అంకె మీద పాలు కారి ఎండి ఉంది. అది మొండికేసింది. పాలనూ సిరానూ కలిపి రుద్దాను. అరగంట పట్టింది. మంచు ముక్కలా వచ్చింది పేలిక. సంతోషమేసింది. మూల మీద మా నంబర్ వేసి ఉతుకులో పడేశాను. భాయ్ దాన్ని ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టాడు.

మర్నాడు పొద్దున పదింటికి అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. షూ లేసులు కట్టుకోలేదు. ఒక గుడ్డ ముక్క, రాసి ఉన్న గుడ్డ ముక్క, చూశావా అని అడిగాడు. ఊపిరి అందడం లేదు. వాళ్ళ ఇంగ్లీషు నాకు సగమే తెలుస్తుంది, కానీ ఆ రోజు మొత్తం తెలిసింది.

విమానాశ్రయం గోడ బయట మురుగు కాలవలో జనం తొడల్లోతు నిలబడి ఉన్నారు. ఒకాయన రెండు చేతుల్తో పసిపిల్లను ఎత్తి ఇతనికి అందించాడు. ఆడపిల్ల, నాలుగు నెలలుంటాయేమో. పిల్ల చేతికి ఆ పేలిక కట్టి ఉంది. దాని మీద ఆయన పేరు, ఫోన్ నంబర్. లోపలికి రమ్మని ఇతను చెయ్యి చాచేలోపే జనం తోపులాటలో ఆయన వెనక్కి పోయాడు, మళ్ళీ కనబడలేదు. పిల్లను భుజాన వేసుకుని ఇతనే విమానం ఎక్కించాడు. దారిలో ముడి బిగుసుకుని పిల్ల చెయ్యి ఉబ్బితే విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఇక్కడ దిగగానే వైద్యం చేసేవాళ్ళు పిల్లను తీసుకున్నారు. మూడు రోజులుగా నిద్రలేని ఇతను పేలిక ఇవ్వడం మరిచిపోయి, బట్టలు మార్చుకుని, సంచి మాకిచ్చి పడిపోయాడు. నిద్ర లేచి వెళితే, ఎవరి పిల్లలో తెలియని పిల్లల వరుసలో ఆమెను పడుకోబెట్టి ఉన్నారు. పేరు లేదు. మెడలో ఒక నంబర్ మాత్రం ఉంది.

వెతికి చూస్తానని చెప్పి అరల వెనక్కి వెళ్ళాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పేలిక అక్కడే, అతని బట్టల మీద, మడత నలగకుండా ఉంది. పోయింది, మిషన్లో ఎక్కడో చిరిగిపోయింది అని చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం, అంతకంటే ఎక్కువ సిగ్గు. భాయ్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చాడు.

"ఏమైంది తమ్మీ?"

చెప్పాను. ఆయన పేలిక అందుకుని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ మిగల్లేదు. నా పనితనం అట్లాంటిది.

"నా పక్కన్నే నిలబడి తుడిసినవ్ గదరా. ఒక్కసారి నాకు సూపియ్యకపోతివి. మా ఉర్దూ అక్షరాలే గద అవి, పేరు సదివి చెప్తుంటి."

ఐదడుగులు. అరగంట సేపు నేను దూది అద్దుతుంటే ఐదడుగుల దూరంలో ఆయన ఉన్నాడు.

"పోయి చెప్పు. నువ్వు చెప్పకుంటె నేను చెప్త."

వెళ్ళి పేలిక కౌంటర్ మీద పెట్టి, నేనే తీసేశాను, పాత గుర్తనుకున్నాను అని చెప్పాను. అతను విప్పి చూశాడు. మూల మీద మా నంబర్ నల్లగా కనబడుతోంది. తిడతాడని చూశాను, కొడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. నిజం చెప్పినందుకు థాంక్స్ మేట్ అన్నాడు. ఆ మాట అని, కౌంటర్ మీద తల పెట్టేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, భాయ్ నన్ను వదల్లేదు. నా బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, దూది చేతికిచ్చి, కళ్ళు మూసుకుని నిన్న చేసినట్టే మళ్ళీ అద్దమన్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత అద్దాను. మరక తీసేవాడికి మరక ఆకారం చేతిలో ఉండిపోతుంది. మా నాయనమ్మకు ఊరి గుర్తులన్నీ అట్లాగే ఉండేవి. చుక్క, పిట్టకాలు, ఆ పక్కన కొంకి, నిలువు గీత. నేను గీస్తుంటే భాయ్ అంకెలు రాసుకున్నాడు. తొమ్మిది అంకెలు వచ్చాయి. పాల మరక కింది అంకె రాలేదు. అక్కడ నా చేతికి పాలే గుర్తున్నాయి. పైన ఉన్న పేరు అసలే రాలేదు, చదవలేని అక్షరాలు నా చేతిలో ఎట్లా ఉంటాయి.

ఒక్క అంకె తెలియకపోతే పది నంబర్లు. కుర్రాడు కౌంటర్ మీదే ఫోన్ పెట్టి ఒక్కొక్కటీ కొట్టాడు. భాయ్ ఉర్దూలో మాట్లాడాడు. సూపర్‌వైజర్ పని త్వరగా కానివ్వమని యల్లా యల్లా అంటూ వచ్చి, సంగతి విని, తనే షట్టర్ సగం దించి పక్కన నిలబడ్డాడు. మూడు నంబర్లు అసలు లేవన్నది ఫోను. ఆరు నంబర్లలో ఎవరెవరో పలికారు. అందులో ఒకాయన పసిపిల్ల అన్న మాట వినగానే ఏడుపు అందుకున్నాడు. ఏ బట్టలు వేసుంది, కాలి మీద పుట్టుమచ్చ ఉందా అని అడుగుతున్నాడు. నా కొడుకు దొరికాడా అంటున్నాడు. "బేటీ హై భాయ్‌సాబ్," అన్నాడు భాయ్ మెల్లగా, "బేటా నహీ." అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. భాయ్ కళ్ళు తుడుచుకుని తర్వాతి నంబర్ అడిగాడు.

మిగిలింది ఒక్కటే. అది మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఎన్నిసార్లు కొట్టినా మోగింది, ఎవరూ ఎత్తలేదు. అదే ఆ తండ్రిదని ముగ్గురమూ అనుకున్నాం. మురుగులో నిలబడ్డ మనిషికి ఫోన్ వినబడదు, రేపు వినబడుతుంది అనుకున్నాం. మర్నాడు కూడా మోగింది. ఆ తర్వాతి రోజు ఆ గోడ దగ్గరే, ఆ కాలవ దగ్గరే బాంబు పేలింది. ఆ సాయంత్రం కొడితే స్విచ్ఆఫ్ అని వచ్చింది.

ఆస్ట్రేలియా దళాన్ని తిరిగి ఇంటికి పంపేముందు కుర్రాడు పిల్లలను చూసుకునే ఆఫీసుకు వెళ్ళి, ఆ పసిపిల్ల కాగితాల్లో పది నంబర్లూ రాయించాడు. ఇన్ని దేనికని గుమస్తా విసుక్కుంటే, ఒకటి సరైనదని చెప్పాడట. తన చిరునామా కూడా రాయించాడు, పెద్దయ్యాక అడగాలనుకుంటే అడగడానికి. తర్వాత పిల్లను ఏ దేశం పంపారో అతనికి చెప్పలేదు, మాకెవరు చెబుతారు. చివరి రోజు బట్టలు తీసుకుని, నా మోకాలి గురించి అడిగాడు. ఆ చివరి నంబర్ నాకు రాసిచ్చి, నువ్వు దగ్గర్లో ఉన్నావు, అప్పుడప్పుడు కొట్టి చూడు అన్నాడు. ఖతర్ నుంచి కాబూల్ దగ్గరేమిటి అనలేదు నేను.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం స్నానం చేసి ఆ నంబర్ కొడతాను. స్విచ్ఆఫ్ అంటుంది, పెట్టేస్తాను. భాయ్ ఊరికి వెళ్ళిపోయాడు, స్థావరం పని నేనూ మానేశాను, ఫోన్ మాత్రం మానలేదు. కుర్రాడు ఏటా ఆగస్టులో ఒక్క మెసేజ్ పెడతాడు. సైన్యం వదిలేశాడు. గొర్రెల దగ్గరే ఉన్నాడు. నిద్ర సరిగా పట్టదని ఒకసారి రాశాడు. ఆ పిల్ల ఎప్పుడో ఒక రోజు నా తలుపు తడుతుంది, మీ నాన్న ఏమయ్యాడంటే ఏం చెప్పాలి అని ఇంకోసారి రాశాడు. మామూలుగా అయితే రెండు మాటలే. ఏమైనా ఉందా మేట్? స్విచ్ఆఫే వస్తోంది అని నేను రాస్తాను. అయితే ఇంకా ఆశ ఉంది అని తిరిగి రాస్తాడు. మూసి ఉన్న ఫోన్ ఎప్పుడైనా తెరుచుకోవచ్చని అతని నమ్మకం. నాదీ అదే.

పోయిన నెల ఒక శుక్రవారం అది మోగింది. ఇన్నేళ్ళ తర్వాత మోగింది. మంచం మీద కూర్చుండిపోయాను. ఒక ఆడమనిషి ఎత్తింది. భాయ్ దగ్గర నేర్చుకున్న ఉర్దూలో అడిగాను. ఆమెకూ కొంచెం వచ్చు. ఈ సిమ్ కొత్తదనీ, రెండు వారాల క్రితమే బజారులో కొన్నాననీ, ముందు ఎవరిదో తనకు తెలియదనీ చెప్పింది. మీ మనిషి కోసం దువా చేస్తానంది. చాలా మర్యాదగల మనిషి.

ఎవరూ వాడకపోతే కొన్నాళ్ళకు నంబర్ ఇంకొకరికి ఇచ్చేస్తారు, అది నాకు తెలుసు. ఆ తండ్రి దాన్ని మళ్ళీ ఎప్పుడూ తెరవలేదన్నమాట. అది ఆయనదే అయితే. నేను ఆ రోజు గుడ్డను భాయ్‌కి చూపించి ఉంటే, బాంబు పేలే ముందు రెండు రోజులు మా చేతిలో ఒక పేరు ఉండేది, ఆయనదే అయితే అనుకోనక్కర్లేని నంబర్ ఉండేది. ఆ పేరు పట్టుకుని ఆ గోడ దగ్గర ఇంకా ఉన్న కుర్రాడి తోటివాళ్ళతో కేక వేయించేవాళ్ళం.

నిన్న కుర్రాడి మెసేజ్ వచ్చింది. ఏమైనా ఉందా మేట్? ఆ రోజు కౌంటర్ దగ్గర నాతో నిజం చెప్పించిన భాయ్ ఇప్పుడు నా పక్కన లేడు. అతని నిద్ర గురించి ఆలోచించాను, తలుపు తట్టే పిల్ల గురించి ఆలోచించాను.

స్విచ్ఆఫే వస్తోంది అని రాశాను.